జాబితాలో పేరు, బండి మీద కోడ్: పట్టణ మహిళల జీవనోపాధి చరిత్ర

నగరం, టెక్నాలజీ అనగానే అందరికీ హైటెక్ సిటీ అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ మునిసిపాలిటీకీ తోపుడు బండికీ మధ్య నడిచిన టెక్నాలజీ కథ వేరే ఉంది. అది కంప్యూటర్‌తో కాదు, జాబితాతో మొదలైంది. మన సంఘాల చరిత్రా అందులోనే కలిసి ఉంది.

1967లో హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధిలో పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. బస్తీల్లో బాల్వాడీలు, కుట్టు శిక్షణ, మహిళా మండళ్లు వచ్చాయి. అప్పుడు రాతకోతలన్నీ కాగితం మీదే. 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. 1997లో వచ్చిన స్వర్ణజయంతి పథకం కింద పట్టణాల్లో డ్వాక్వా సంఘాలు ఏర్పడ్డాయి. 2007లో మెప్మా వచ్చాక బస్తీ సమాఖ్యలు, పట్టణ సమాఖ్యలు నిలదొక్కుకున్నాయి.

ఈ మధ్యలోనే కంప్యూటర్ కూడా వచ్చింది. 1999లో హైదరాబాద్‌లో ట్విన్స్ పేరుతో ప్రయోగంగా మొదలైన కేంద్రం 2001లో ఈ-సేవగా మారింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఆస్తి పన్ను, జనన మరణ ధ్రువపత్రాలు అన్నీ ఒకే కౌంటర్‌లో. లైనులో నిలబడి ఒక పూట కూలి పోగొట్టుకునే బాధ తగ్గింది. అది చిన్న మేలేం కాదు. అయితే దానివల్ల సులువైంది ప్రభుత్వానికి మనం డబ్బు కట్టడమే. పూలమ్మే అక్కకు పెట్టుబడి దొరకడం మాత్రం సులువు కాలేదు. పొద్దున చేబదులు, సాయంత్రానికి వడ్డీతో సహా తిరిగి కట్టడం అలాగే సాగింది. ఆమె వ్యాపారం చేస్తోందని చెప్పే కాగితం ఎక్కడా లేదు మరి. బ్యాంకు దేన్ని చూసి అప్పిస్తుంది?

ఆ కాగితానికి దారి వేసింది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. అయిదేళ్లకు ఒకసారైనా సర్వే చేయాలి, వ్యాపార ధ్రువపత్రం ఇవ్వాలి అంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి అని కూడా రాసింది.

ఆ జాబితా విలువ 2020లో తెలిసొచ్చింది. లాక్‌డౌన్‌లో బండ్లన్నీ ఆగిపోయాయి. జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి తెచ్చింది. పూచీకత్తు లేకుండా తొలి విడత 10,000, సకాలంలో కడితే 20,000, ఆ తర్వాత 50,000 రూపాయలు. 7 శాతం వడ్డీ రాయితీ. డబ్బు బ్యాంకుదే అయినా తలుపు తెరిచేది మునిసిపాలిటీ. సర్వేలో పేరున్నవారికి ఆన్‌లైన్‌లోనే తాత్కాలిక ధ్రువపత్రం, పేరు లేనివారికి సిఫారసు లేఖ. మన పట్టణాల్లో బండి బండికీ తిరిగి పేర్లు రాయించిన పనిలో మెప్మా ఆర్పీల చెమట చాలా ఉంది. 2025లో పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించి, తొలి రెండు విడతలను 15,000, 25,000కు పెంచారు.

అప్పుతో పాటు బండి మీదికి క్యూఆర్ కోడ్ వచ్చింది. నెలకు 200 డిజిటల్ లావాదేవీలు చేస్తే 100 రూపాయల క్యాష్‌బ్యాక్ అన్నారు. కానీ 2020 నిబంధనల్లో 25 రూపాయలకు తగ్గిన లావాదేవీ లెక్కలోకి రాదు. పది రూపాయల టీ, పది రూపాయల కరివేపాకు అమ్మే ఆడవాళ్లకు ఆ లెక్క ఎలా కుదురుతుంది? చిన్న బేరమే మన బతుకు కదా!

ఇంకో చిక్కు ఇంట్లోనే ఉంది. దరఖాస్తుకు ఆధార్‌తో కలిపిన ఫోన్ నంబర్ కావాలి. ఫోన్ కొడుకుది, క్యూఆర్ కోడ్ కలిపింది భర్త ఖాతాకు అయితే, బండి నెట్టేది ఒకరు, జమ అయ్యేది ఇంకొకరికి. అమ్మకం ఆమెదైనా లెక్కలో ఆమె పేరుండదు. పొదుపు పుస్తకం మీద మన పేరు కోసం ఎంత పట్టుబట్టామో, ఈ కోడ్ విషయంలోనూ అంతే పట్టుబట్టాలి.

1967 నుంచి ఇప్పటిదాకా కనిపించేది ఒక్కటే. మిషన్ ఎంత కొత్తదైనా జాబితాలో ఉన్న మనిషి దాకానే వెళ్తుంది. అందుకే ప్రతి బస్తీ సమాఖ్య నెలవారీ సమావేశంలో మూడు ప్రశ్నలు అడగాలి. మన సభ్యుల్లో వ్యాపారం చేసేవాళ్లందరికీ ధ్రువపత్రం ఉందా? ఫోన్ నంబర్ వాళ్ల పేరు మీదే ఉందా? కోడ్ ఎవరి ఖాతాకు కలిసి ఉంది? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాసి, లేనివారి పేర్లు మునిసిపల్ కార్యాలయానికి ఇవ్వాలి. వచ్చే సర్వే దాకా ఆగక్కర్లేదు.