మరణపు లెక్క

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయ మొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, రాజుల యుద్ధములను గాక, ప్రతి యింటను జరుగునదియు, ఎవ్వరును మాటాడ నిచ్చగింపనిదియు నగు మరణపు లెక్కను గూర్చి వ్రాయనెంచితిని. లెక్కలు వ్రాయుట నా వృత్తి గావున పాఠకులు మన్నింతురుగాక.

మరణమును వ్రాసి యుంచుట తెల్లదొరలు తెచ్చిన యాచారమని కొందఱందురు. అది నిజము కాదు. చంద్రగుప్త మౌర్యుని కొలువున కేతెంచిన మెగస్తనీసు, పాటలీపుత్రమున జననమరణములను విచారించుటకు ప్రత్యేకముగ నొక యధికార వర్గము గలదనియు, అది పన్ను కొఱకే గాక, అధికులదైనను అల్పులదైనను చావుపుట్టుకలు పాలకుల దృష్టి తప్పరాదని యేర్పడినదనియు తెలిపెను. కౌటిల్యుని యర్థశాస్త్రము నాల్గవ యధికరణమున, ఆకస్మికముగ మృతిచెందినవారి దేహమును పరీక్షించు విధము గలదు. ఉరివలననో, విషమువలననో, నీట మునుగుటవలననో ప్రాణము పోయెనని కనుగొను గుర్తులు అందు చెప్పబడినవి.

ఇక మన తాతల నాటికి వత్తము. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, అనుమానింపదగిన మరణమును వెంటనే తెలుపవలసినవారిలో గ్రామ మునసబు, తలారులతోపాటు కరణమును గూడ చేర్చెను. పోలీసువారు ఇరుగుపొరుగు పెద్దమనుష్యుల యెదుట జరుపు విచారణనే మనవారు శవపంచాయతీ యనిరి. మఱుసటి యేడు, అనగా 1899లో, మద్రాసు రాజధానియందు జననమరణముల రిజిస్ట్రేషను చట్టము పుట్టెను. 1973 నాటి కోడు, తెలుపవలసిన బాధ్యతను గ్రామవాసులందఱిపై నుంచెను. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకములు రద్దయ్యెను గాని, ఆ బాధ్యత రద్దు కాలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయు దానిని నిలిపినది. కావున అనుమానమున్నచోట శవమును కదల్పక, ముందుగా పోలీసువారికి తెలుపుట మన ధర్మము.

వ్యాధిచేతనో, వృద్ధాప్యముచేతనో ఇంట మరణించినచో, 1969 నాటి చట్టము ననుసరించి ఇంటి యజమాని 21 దినములలోపల రిజిస్ట్రారునకు తెలుపవలెను. స్నానము చేయించుట, పాడె కట్టుట, మోయుట, దహనమో ఖననమో జరుపుట యన్నియు ఇంటివారి యాచారమునకే విడువబడినవి. తెలిపినవారికి నకలు ఉచితము. అడిగినవారి కిచ్చు ప్రతిలో మరణకారణము వెల్లడింపరాదని చట్టము ఇంటి గుట్టును గూడ కాపాడినది.

ఇంత తెలిసినట్లు వ్రాయుచున్న నేనే తప్పితిని. మా తండ్రిగారు పోయినప్పుడు పండ్రెండు దినముల కర్మయు లోపము లేక జరిపించితిని. కట్టెల ఖరీదు మొదలు గోదానము వఱకు ప్రతి పద్దును వ్రాసితిని. రిజిస్టరులో వ్రాయింపవలసిన యొక్క పద్దును మఱచితిని. పిమ్మట మా తల్లిగారి పింఛనునకు ఆ కాగితము కావలసెను. సంవత్సరము దాటుటచే మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పని జరుగదయ్యెను. వృద్ధురాలు కచ్చేరి మెట్లెక్కి, తన భర్త లేడని పలుమాఱు చెప్పుకొనవలసి వచ్చెను. ఆ దోషము నాది.

21 దినములలో పండ్రెండు కర్మకు పోగా తొమ్మిది మిగులును. అందొక పూట చాలును. కర్మ పోయినవారికి, ఈ పద్దు ఉన్నవారికి.