మార్పిడి వెంట వచ్చిన మధుమేహం

మధుమేహం వచ్చిందనగానే “నోరు కట్టుకోలేదా?” అని అడగడం మనకు అలవాటు. ఆ ప్రశ్న చెల్లని మధుమేహం ఒకటుంది. దాని చరిత్ర అవయవ మార్పిడి చరిత్రతో పెనవేసుకొని ఉంది.

1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం ఒక యువకుడికి అతని కవల సోదరుడి మూత్రపిండాన్ని అమర్చింది. వారు సమరూప కవలలు కాబట్టి శరీరం దానిని పరాయిదని తోసిపుచ్చలేదు. మరి కవల లేనివారి గతి ఏమిటి? రోగనిరోధక శక్తినే అణచి ఉంచాలి. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ అజతయోప్రిన్‌కు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను జోడించి, మొదలైన తిరస్కరణను సైతం వెనక్కి మళ్ళించవచ్చునని చూపాడు. మరుసటి ఏడాదే, 1964లో, మూత్రపిండం పొందినవారిలో కొందరికి కొత్తగా మధుమేహం వస్తున్నదని ఆయనే రాశాడు. గెలుపూ, దానికి చెల్లించిన మూల్యమూ ఒకే కలం నుండి వెలువడ్డాయి.

స్టెరాయిడ్ కాలేయం చేత ఎక్కువ గ్లూకోజు విడుదల చేయిస్తుంది; ఇన్సులిన్ ప్రభావాన్ని మందగింపజేస్తుంది. అమెరికాలో 1983లో సైక్లోస్పోరిన్, 1994లో టాక్రోలిమస్ అనుమతి పొందాయి. మొదటిది నార్వే మట్టిలోని బూజు నుండి, రెండవది జపాను మట్టిలోని సూక్ష్మజీవి నుండి లభించినవి. వీటివల్ల తిరస్కరణ తగ్గింది. కానీ ఇవి, ముఖ్యంగా టాక్రోలిమస్, క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ స్రవించడాన్నే తగ్గిస్తాయి. వయసు, బరువు, వంశం దీనికి తోడవుతాయి.

2000లో కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు ఇన్సులిన్ స్రవించే కణాలనే మార్పిడి చేసి మధుమేహాన్ని జయించబూనినప్పుడు, స్టెరాయిడ్‌ను పూర్తిగా పక్కన పెట్టడం ఇందుకే.

పేరుకూ ఒక చరిత్ర ఉంది. మొదట్లో ఇన్సులిన్ అవసరమైనవారినే పలువురు లెక్కించేవారు. 2003లో అంతర్జాతీయ మార్గదర్శకాలు సాధారణ మధుమేహపు ప్రమాణాలనే దీనికీ వర్తింపజేసి, “మార్పిడి తర్వాత కొత్తగా మొదలైన మధుమేహం” అన్నాయి. 2013లో వియన్నాలో సమావేశమైన నిపుణులు “కొత్తగా” అన్న మాటను తొలగించమన్నారు. కొందరిలో వ్యాధి ముందునుండే ఉండి, బయటపడక పోయి ఉండవచ్చు కదా!

ఉదయం వేసుకున్న స్టెరాయిడ్ మధ్యాహ్నానికి చక్కెరను పెంచుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేస్తే అది దొరకకపోవచ్చు. చక్కెరకు జడిసి రోగి తనంతట తాను మందు మానితే అమర్చిన అవయవమే చేజారవచ్చు. కాబట్టి అటువంటివారు ఎదురైతే “నోరు కట్టుకోలేదా?” అనకండి. వారు బతికి ఉండడానికి మింగుతున్న మందులోనే ఆ చక్కెర మూలం ఉండవచ్చు.