శీతల పాత్రలోనికి విద్యుత్తు

పొయ్యిలో పెట్టిన ఇనుప ఊచ రెండవ కొన కొంతసేపటికే చేయి కాల్చును. లోహములలో విద్యుత్తును బాగుగా మోయునది వేడిని కూడ బాగుగా మోయును. 1853లో వీడెమన్, ఫ్రాంజ్ అను జర్మన్ శాస్త్రజ్ఞులు ఈ సంబంధమును నియమముగా చెప్పినారు. నూరేండ్ల తరువాత కేంద్రక సంలీన యంత్రములు కట్టువారికి ఈ నియమమే అడ్డు తగిలినది.

1911లో లీడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్, పాదరసమును 4.2 డిగ్రీల కెల్విన్‌కు చల్లార్చగా దాని నిరోధము మాయమైనది. ఇదియే అతివాహకత. అయితే బలమైన అయస్కాంత క్షేత్రమున పాదరసము ఆ గుణమును పోగొట్టుకొనును. 1960 దశాబ్దిలో నియోబియము మిశ్రమములు ఆ కొరత తీర్చినవి. 1970ల చివర మాస్కోలో టి-7 అను టోకమాక్‌కు అతివాహక అయస్కాంతములు అమర్చినారు. కోట్ల డిగ్రీల ప్లాస్మాను పట్టి ఉంచునవి ఇట్టి అయస్కాంతములే.

కాని విద్యుత్తు వచ్చునది వెలుపలి నుండి, 300 డిగ్రీల కెల్విన్ గదిలో నుండి. లోపలికి రాగి కడ్డీ వేయక తప్పదు. కడ్డీ లావైన బయటి వేడి లోనికి దిగును; సన్ననైన తన నిరోధము చేతనే కాగును. 1959లో రిచర్డ్ మెక్‌ఫీ ఈ రెంటి నడుమ ఉత్తమమైన కొలత లెక్కగట్టినాడు. అంత నేర్పుగా చేసినను, వేయి ఆంపియర్లకు ఒక్కొక్క కడ్డీ వెంట సుమారు 45 వాట్ల వేడి లోనికి పోవును. ఒక చిన్న బల్బుపాటి వేడియే కదా అనిపించవచ్చును. అయితే 4 డిగ్రీల చోటినుండి ఒక్క వాట్ వేడిని తోడి బయట పోయుటకు వందల వాట్ల విద్యుత్తు ఖర్చగును.

ఈ యంత్రములు కోరు ప్రవాహమో, ఊహకు మించినది. వేంసూరు పొలములో బోరుకు బిగించిన 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు పుచ్చుకొనునది ఏడెనిమిది ఆంపియర్లు. గాంధీనగర్ వద్ద భాట్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థవారి ఎస్.ఎస్.టి.-1 టోకమాక్ కడ్డీలను 10,000 ఆంపియర్లకు రూపొందించినారు. భారతదేశముతో సహా పలు దేశములు కలిసి ఫ్రాన్స్‌లో కట్టుచున్న ఐటర్‌లో పెద్ద కడ్డీ ఒక్కటి 68,000 ఆంపియర్లు మోయవలెను. మెక్‌ఫీ లెక్కన దాని వెంట 3,000 వాట్ల వేడి దిగును!

ఇచట ఒక యుక్తి పనిచేసినది. ఈ చరిత్రలోకెల్ల చక్కనిది ఇదియే అని నా అభిప్రాయము. లోపల మరిగి ఆవిరియగు హీలియమును ఊరక పోనీయనేల? ఆ చల్లని ఆవిరిని కడ్డీ వెంట పైకి పంపిన, దిగివచ్చు వేడిని అదియే ఎదురేగి మోసికొనిపోవును. వేయి ఆంపియర్లకు 45 వాట్లు ఒక్క వాట్‌కు తగ్గినవి. ఎస్.ఎస్.టి.-1లో 2013న మొదటి ప్లాస్మా పుట్టినపుడు అయస్కాంతములకు విద్యుత్తు అందించినవి ఇట్టి ఆవిరి కడ్డీలే.

1986లో బెడ్నార్జ్, ముల్లర్ అనువారు పింగాణి వంటి పదార్థములలో, అంతకు ముందెన్నడు ఎరుగని హెచ్చు ఉష్ణోగ్రత వద్ద అతివాహకతను కనుగొన్నారు. 1988లో జపానులో మయేదా కనుగొన్న బిస్మతు పదార్థములలో ఒకటి సుమారు 110 డిగ్రీల వరకు అతివాహకమే. వీనిలో విద్యుత్తు నిరోధము లేక సాగును, వేడి మాత్రము అంతగా సాగదు; పాత నియమము ఇచట చెల్లదు. ఐటర్ కడ్డీలో పైభాగము రాగి. 65 డిగ్రీల చోటినుండి క్రిందికి బిస్మతు పట్టీలు. ఆ పట్టీలకు తొడిగిన వెండి వేడిని మోయకుండుటకై దానిలో కొంచెము బంగారము కలిపినారు. చైనాలో హెఫై నగరమున తయారైన ఈ కడ్డీ వెంట అడుగునకు దిగు వేడి సుమారు 15 వాట్లు.

ఇక మిగిలిన భయము ఒకటి. హీలియము ధార ఆగినచో బిస్మతు వేడెక్కి అతివాహకత పోవును. ఐటర్ ప్రధాన అయస్కాంతములలో నిలువయుండు 41 గిగా జౌళ్ల శక్తిని బయటి నిరోధములలోనికి మళ్లించువరకు కడ్డీ తట్టుకొనవలెను. అందులకు కావలసిన కొన్ని నిమిషముల ఓర్పును కూడ ముందే లెక్కవేసి దానిని తయారుచేసినారు.