సబ్బాతు నుంచి ఆదివారానికి

యూదుల సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించేసరికి ముగుస్తుంది. తెలుగు బైబిలు దీనినే విశ్రాంతి దినమంటుంది. ఈ విరామానికి నిర్గమకాండం సృష్టికార్యం ముగించిన దేవుని విశ్రాంతిని కారణంగా చూపగా, ద్వితీయోపదేశకాండం ఐగుప్తు దాస్యం నుంచి కలిగిన విమోచనను గుర్తుచేస్తుంది. దాసదాసీలకూ పరదేశికీ, చివరకు ఎద్దుకూ గాడిదకూ కూడా పని మాన్పించిన ఈ నియమం ప్రాచీన శాసనాలలో అత్యంత మానవీయమైన వాటిలో ఒకటి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా, అంటే యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనం, సబ్బాతునాడు చేయరాని పనులను దున్నడం, నేయడం, నిప్పు రాజేయడం మొదలైన 39 తరగతులుగా విభజించింది.

తొలి క్రైస్తవులలో అనేకులు యూదులే అయినా, యేసు పునరుత్థానం చెందిన రోజు కనుక వారంలోని మొదటి దినాన ఆరాధనకు కూడుకునే ఆచారం వారిలో త్వరగానే స్థిరపడింది. రెండవ శతాబ్ది మధ్యలో రోములో నివసించిన జస్టిన్ మార్టిర్ ఆ కూడికలోని గ్రంథపఠనాన్నీ, ప్రసంగాన్నీ, రొట్టె ద్రాక్షారసాల పంపకాన్నీ, బీదలకోసం సేకరించే విరాళాలనూ వర్ణించాడు.

ఆ మొదటి దినం, అంటే ఆదివారం, అప్పటికి ఆరాధన దినమే కాని ప్రభుత్వ సెలవు కాదు. ఆ హోదా 321 మార్చి 7న రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ శాసనంతో వచ్చింది. న్యాయాధికారులకూ పట్టణవాసులకూ చేతివృత్తులవారికీ విశ్రాంతి విధించిన ఆ శాసనం, విత్తనానికి అదును తప్పకూడదన్న ఆలోచనతో రైతులను మాత్రం మినహాయించింది. అందులో క్రీస్తు ప్రస్తావన లేదు. ఉన్నది సూర్యుని పూజ్యదినమన్న మాటే. ఆదిత్యుని పేరు మోసే తెలుగు ఆదివారంలోనూ ఆ సూర్యుడే ఉన్నాడు. అయితే శనివారాన్ని పూర్తిగా వదులుకోని ఇథియోపియా సంప్రదాయ క్రైస్తవ సంఘం, 15వ శతాబ్దిలో జరా యాకోబ్ చక్రవర్తి పాలనలో, రెండు దినాలనూ పవిత్రంగా పాటించాలని నిర్ణయించింది.