తమిళనాట తెలుగువారు – మనోవ్యాధి

తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో మనోవ్యాధిని గూర్చి మాటలాడుట అరుదు. జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగులకు చెప్పుకొందుము. మతి చలించినచో తలుపు మూసికొందుము. ఈ సీమ ప్రజలు ఈ వ్యాధి నెట్లెదుర్కొనిరో సంగ్రహముగా విన్నవించుట ఈ వ్యాసోద్దేశము.

1794లో వాలెంటైన్ కొనొలీ యను వైద్యుడు మద్రాసున ఉన్మాదులకొఱకు ఆశ్రయము నెలకొల్పెను. 1871లో ప్రభుత్వాశ్రయము 145 మంది రోగులతో కీల్పాకమున ప్రారంభమయ్యెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు తెలుగు, తమిళ జిల్లాలకు మద్రాసే రాజధాని. కాలక్రమమున కీల్పాకము పేరే ఎగతాళి మాటయైనది. "నిన్ను కీల్పాకం పంపాలి" అని పిల్లలు వెక్కిరించుకొనుట నా తరగతిలోనే వింటిని. ఈ ఎగతాళికి వెఱచియే పెక్కుమంది వైద్యుని గడప త్రొక్కరు.

అట్టివారికి దేవాలయములే దిక్కైనవి. తిరుచిరాపల్లి చేరువనున్న గుణశీలమున ప్రసన్న వేంకటాచలపతి సన్నిధిని రోగులను ఒక మండలము, అనగా 48 దినములు, ఉంచుట ఆచారము. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయరాదు. తమిళనాటి ముత్తుస్వామి ఆలయమున బసచేసిన 31 మందిని బెంగుళూరు జాతీయ మానసికారోగ్య సంస్థవారు పరిశీలింపగా, వ్యాధిలక్షణములు సగటున సుమారు 20 శాతము తగ్గినట్లు 2002లో ప్రకటించిరి. భయపెట్టని, ఆదరించు తావు సైతము మేలు చేయునని దీని తాత్పర్యము.

ఆదరము కొఱవడినచోట ఫలితము వేఱు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకు వచ్చు రోగులకై నడుపబడిన ఒక ప్రైవేటు ఆశ్రమమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన 28 మంది అసువులు బాసిరి. పిమ్మట ఏర్వాడిలో ప్రార్థనతోపాటు మందులు నిచ్చు ఏర్పాటు జరిగెను. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది.

ఆ చట్టమున మనము ప్రత్యేకముగా గమనింపదగిన నియమ మొకటి కలదు. చికిత్సా విషయములను రోగికి బోధపడు సులభభాషలో తెలుపవలెను. మా వీధిలోని ఒక వృద్ధురాలు వైద్యుడు తమిళమున నడిగిన ప్రశ్నలకన్నిటికిని తల యూపెడిది. ఆమె బజారు తమిళము చక్కగా నెఱుగును. బాధ చెప్పుకొను తమిళము నెఱుగదు. ఒకనాడు నేను వెంటబోయి తెలుగున పలుకరింపగా, "గుండెలో దిగులు గూడు కట్టుకుంది నాయనా" అనెను. వైద్యునికి ఆ మాట తమిళమున వినిపించితిని. చికిత్స ఆనాటినుండియే దారిన పడినది.

తెలుగు సంఘములు ఉత్సవములతోపాటు ఇట్టి పనికిని పూనుకొనవలెను. రోగివెంట ఆసుపత్రికి పోయి మాట అందింపగల ఒకరిద్దఱు ప్రతి ఊరను ఉన్న చాలును. మన పిల్లలకు తెలుగు నేర్పుటవలన కలుగు ప్రయోజనములలో ఇదియు నొకటి.