ఆడపిల్ల వాటా: ఏ తేదీకి ఏ హక్కు వచ్చింది

మన గ్రామ సంఘాల సమావేశాల్లో అప్పులు, పొదుపు లెక్కలు అయిపోయాక ఎక్కువగా వచ్చేది పొలం మాటే. "అన్నయ్యలు సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?" అని ఒకరు అడుగుతారు. "నా పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది, ఇంకా నాకేం వస్తుందిలే" అని ఇంకొకరు తనకు తానే తీర్పు చెప్పేసుకుంటారు. ఈ రెండింటికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఆస్తి చట్టం ఒక్క రోజులో వచ్చింది కాదు. తేదీ మారితే హక్కు మారిపోతుంది. అందుకే ఈ ఏటి నివేదికలో ఆ తేదీల కథ మొదటి నుంచి రాస్తున్నాం. ఇది ముఖ్యంగా హిందూ వారసత్వ చట్టం కథ. ముస్లిం, క్రైస్తవ, గిరిజన సభ్యుల సంగతి వేరు, అది చివర్లో చెబుతాం.

మన అమ్మమ్మల కాలంలో ఉమ్మడి కుటుంబంలో పొలం అంటే మగవాళ్లదే. కొడుకు పుట్టడంతోనే తండ్రి పిత్రార్జితంలో భాగస్తుడయ్యేవాడు. కూతురికి పెళ్లి చేసి, సారె పెట్టి పంపితే లెక్క తీరిపోయినట్టే. కొంచెం కలిగినవాళ్లు పసుపు కుంకుమ కింద అరెకరమో ఎకరమో చూపించేవాళ్లు. అదీ చాలాసార్లు నోటిమాటే, కాగితం ఉండేది కాదు. భర్త ఉమ్మడిలో ఉండగానే పోతే ఆ ఇల్లాలికి మిగిలేది మనోవర్తి ఒక్కటే. అంటే తిండికీ బట్టకీ ఇచ్చేది. ఆ మనోవర్తి ఇవ్వాల్సింది మరిది, బావ. ఇవ్వకపోతే కోర్టుకు పోవాలి.

1937లో మొదటి మార్పు వచ్చింది. భర్త చనిపోతే ఆయన వాటాను భార్య అనుభవించొచ్చన్నారు. బతికినన్నాళ్లూ తినొచ్చు గాని, తప్పనిసరి అవసరం వస్తే తప్ప అమ్మడానికి లేదు. ఆమె తర్వాత అది తిరిగి భర్త తరఫు వారసులకే పోతుంది. కూతుళ్ల ఊసు అందులో లేనే లేదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ చట్టం వ్యవసాయ భూములకు వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. పొలం తప్ప వేరే ఆస్తి లేని ఊళ్లలో ఇక ఆ చట్టం ఎవరికి అక్కరకొచ్చినట్టు? మద్రాసు రాష్ట్రం 1947లో వేరే చట్టం చేసి దాన్ని పొలాలకు కూడా వర్తింపజేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉండేవి.

స్వాతంత్ర్యం వచ్చాక అంబేద్కర్ గారు హిందూ కోడ్ బిల్లు తెచ్చారు. కూతురికి ఆస్తి ఇస్తే కుటుంబాలు చీలిపోతాయని పార్లమెంటులో పెద్దపెద్దవాళ్లే అడ్డం తిరిగారు. బిల్లు ముందుకు కదలకపోవడంతో 1951లో ఆయన న్యాయ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ బిల్లునే తర్వాత ముక్కలుముక్కలుగా పాస్ చేశారు. వాటిలో ఒకటైన హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది.

ఆ చట్టంలో రెండు సంగతులు మనకు ముఖ్యం. మొదటిది 14వ సెక్షన్. ఆడదాని చేతిలో ఉన్న ఆస్తి ఇక "బతికినన్నాళ్లు" ఆస్తి కాదు, పూర్తి సొంతం అని అది చెప్పింది. దీని లోతు తెలియాలంటే మన నెల్లూరు తులసమ్మ కేసు చూడాలి.

తులసమ్మ గారి భర్త 1931లో ఉమ్మడిలో ఉండగా చనిపోయారు. 1937 చట్టానికి ముందే కాబట్టి ఆమెకు దక్కేది మనోవర్తి ఒక్కటే. ఆమె 1944లో కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని దరఖాస్తు పెట్టుకుని, భర్త సవతి తమ్ముడి మీద నెల్లూరు మునసబు కోర్టులో మనోవర్తి దావా వేశారు. 1949లో రాజీ కుదిరింది. మనోవర్తి బదులు కొంత ఆస్తి ఆమెకు వదిలారు. బతికినన్నాళ్లు అనుభవించాలి, అమ్మకూడదు అని షరతు రాశారు. 1961లో ఆమె అందులో కొంత అమ్మారు. ఇంకొంత అంతకు ముందే కౌలుకిచ్చారు. వెంటనే అవతలివాళ్లు "నీకు అమ్మే హక్కు లేదు" అని దావా వేశారు. ఆమె కింది కోర్టులో ఓడి, జిల్లా కోర్టులో గెలిచి, హైకోర్టులో మళ్లీ ఓడారు. సుప్రీంకోర్టు 1977 మార్చిలో తీర్పు చెప్పింది. మనోవర్తి అనేది దయతో పడేసే భిక్ష కాదు, అది ఆమె హక్కు, ఆ హక్కు బదులు వచ్చిన భూమి 14వ సెక్షన్ కింద ఆమెకు పూర్తిగా సొంతం, కాగితంలో రాసిన షరతు చెల్లదు అని. ఆ సెక్షన్ రాసిన తీరు వల్ల వకీళ్లకు పంట పండిందనీ, కక్షిదారులకు మాత్రం తిప్పటే మిగిలిందనీ జడ్జీలే ఆ తీర్పులో విచారపడ్డారు. మొదటి దావా నుంచి చివరి తీర్పుకు 33 ఏళ్లు. ఈనాటికీ దేశమంతటా ఇలాంటి దావాల్లో వకీళ్లు తులసమ్మ కేసు పేరే చెబుతారు. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం అంటే మన సంఘాల్లో అందరికీ తెలుసు. అదే జిల్లాకు చెందిన ఈ ఇల్లాలి పేరు మనలో చాలామందికి తెలియకపోవడం మాకు వెలితిగా అనిపిస్తుంది.

అయితే 14వ సెక్షన్‌లోనే రెండో భాగం ఒకటి ఉంది. ముందు నుంచీ ఏ హక్కూ లేని ఆస్తిని దాన పత్రం, వీలునామా ద్వారా "బతికినన్నాళ్లే" అని కొత్తగా రాసిస్తే ఆ షరతు నిలుస్తుంది. భర్త భార్యకు అలా వీలునామా రాస్తే అది మొదటి భాగం కిందికి వస్తుందా, రెండో భాగం కిందికి వస్తుందా అన్నదాని మీద తీర్పులు తలోరకంగా ఉన్నాయని, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను పెద్ద బెంచికి పంపింది. కాబట్టి మీ పేరున ఏదైనా రాస్తుంటే "జీవితాంతం అనుభవించి" అన్న మాట ఉందేమో ఒకసారి చదివించుకోండి.

ఇక 1956 చట్టంలో రెండో సంగతి, కూతురి వాటా. తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కొడుకుతో సమానంగా కూతురికీ వాటా అన్నారు. బాగానే ఉంది. పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో వచ్చే భాగం కొడుకులకే ఉంచారు. లెక్క వేసి చూస్తే గాని తేడా తెలియదు. 12 ఎకరాల పిత్రార్జితం ఉంది, తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకుందాం. తండ్రి పోయాడు. ఆయన పోయే ముందు రోజు పంపకం జరిగినట్టు ఊహించుకోమంటుంది చట్టం. అప్పుడు తండ్రికి 4, కొడుకులకు చెరి 4. (పంపకంలో భార్యకు వేరే భాగం పెట్టడం మన దక్షిణాదిలో లేదు.) తండ్రి 4 ఎకరాలనే తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు తలా ఎకరం పంచుకోవాలి. చివరికి కొడుకుకు 5 ఎకరాలు, కూతురికి 1. దీన్ని కూడా ఆడపిల్లకు హక్కు ఇచ్చినట్టే చెప్పుకున్నారు.

ఆ ఒక్క ఎకరాన్ని 4 దగ్గరకు తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం వరకు సవరించింది. 1986లో వచ్చిన ఆ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతోనే భాగస్తురాలు అన్నారు. పై లెక్కనే మళ్లీ వేస్తే, తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు, తలా 3 ఎకరాలు. తండ్రి పోతే ఆయన 3 ఎకరాలు నాలుగు భాగాలు, అంటే తలా 75 సెంట్లు, తెలంగాణ లెక్కలో 30 గుంటలు. కొడుకులకూ కూతురికీ ఒకే లెక్క, 3 ఎకరాల 75 సెంట్లు. తల్లికి 75 సెంట్లు. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే తీసేసింది గాని, కూతుర్ని ఉమ్మడిలో భాగస్తురాలిని చేసింది మాత్రం ముందుగా మనమే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన దారి పట్టాయి.

కానీ ఒక మెలిక పెట్టారు. ఆ తేదీ కంటే ముందే పెళ్లయిన కూతురికి ఈ హక్కు లేదు. అక్కకు 1984లో పెళ్లయింది, చెల్లికి 1986లో అయింది అనుకోండి. చెల్లికి 3 ఎకరాల పైచిలుకు, అక్కకు తండ్రి వాటాలో ముక్క. ఒకే కడుపున పుట్టినవాళ్ల మధ్య పెళ్లి ముహూర్తం గీత గీసింది. మన సంఘాల్లో యాభై, అరవై దాటిన అక్కలు "నాకేం రాదు" అనే మాట ఆ రోజుల నుంచి వచ్చిందే. అప్పటికి అది నిజమే. ఇప్పుడు కాదు.

ఎందుకంటే 2005 సెప్టెంబరు 9న పార్లమెంటు దేశమంతటికీ సవరణ చేసింది. పెళ్లయిందా లేదా అన్న తేడా తీసేసింది. ఎప్పుడు పెళ్లయినా కూతురు భాగస్తురాలే. ఉంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు అంతకు ముందు కూతురికి లేదు. ఆ సెక్షన్‌నూ కొట్టేశారు. ఒక్క మినహాయింపు ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే పంపకాలో అమ్మకాలో జరిగిపోయి ఉంటే వాటిని తిరగతోడరు. అది బిల్లు రాజ్యసభలో పెట్టిన రోజు.

అక్కడితో తగువు ఆగలేదు. 2005 నాటికి తండ్రి బతికుంటేనే కూతురికి హక్కు అని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2018లో వచ్చిన ఇంకో తీర్పు, తండ్రి 2001లోనే పోయిన కూతుళ్లకు కూడా వాటా ఇచ్చింది. కింది కోర్టులు ఏది పాటించాలో తెలియక తికమక పడ్డాయి. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి 2005లో తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదు, కూతురు ఉంటే చాలు.

ఆ తీర్పులో మనకు ఇంకా పనికొచ్చే మాట ఉంది. "ఎప్పుడో పెద్దమనుషుల్లో నోటిమాటగా పంచుకున్నాం" అని అన్నదమ్ములు చెబితే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. రిజిస్టరైన భాగపరిష్కార పత్రం ఉండాలి, లేదా కోర్టు డిక్రీ ఉండాలి. నోటి పంపకం అని వాదించాలంటే దానికి ప్రభుత్వ రికార్డుల బలం ఉండాలి. అందుకే 2020 తర్వాత అక్కచెల్లెళ్లను సంతకాలు అడగడం ఎక్కువైందని మా అభిప్రాయం. తండ్రి పోయిన పదకొండో రోజు దుఃఖంలో ఉండగానే "పాస్‌బుక్కు మార్చడానికి" అని ఒక కాగితం పెడతారు. అది ఉత్త వాంగ్మూలమా, హక్కు విడుదల పత్రమా అన్నది చదివితేనే తెలుస్తుంది. రిజిస్టరు ఆఫీసులో ఒకసారి హక్కు విడుదల చేశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. పుట్టింటితో మంచిగా ఉండాలని ఇష్టంగా వదులుకుంటే అది మీ ఇష్టం, దాన్ని మేం తప్పు పట్టం. అన్నదమ్ములు చేసిన సాయాలూ ఉంటాయి. కాని ఏం వదులుతున్నామో, ఎన్ని సెంట్లో తెలిసి వదులుకోవాలి. సందేహం ఉంటే ఆ రోజు సంతకం పెట్టొద్దు, కాగితం జిరాక్సు అడిగి తెచ్చుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతుంది. మండల, జిల్లా న్యాయ సేవా సంస్థలు కోర్టు ఆవరణలోనే ఉంటాయి. ఫోను నంబరు 15100.

తండ్రి స్వార్జితం సంగతి మరిచిపోవద్దు. ఆయన సంపాదించి కొన్నదాన్ని ఎవరికైనా రాసివ్వొచ్చు, కొడుక్కే రాస్తే కూతురు అడ్డుపెట్టలేదు. వీలునామా లేకపోతేనే సమాన వాటా.

ఇక వేరే చట్టాలవాళ్లు. క్రైస్తవ కుటుంబాల్లో కొడుకుకూ కూతురికీ వాటా సమానం. ముస్లిం చట్టంలో కొడుకు వాటాలో సగం కూతురికి. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు, వాళ్ల ఆచారం ప్రకారం నడుస్తుంది. అయితే ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కాలేదు కాబట్టి వాటా ఇవ్వాల్సిందే అని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీ మండలాల సంఘాల్లో ఈ సంగతి చదివి వినిపించాలి.

చివరిగా మన సొంత ఆస్తి. పాల డబ్బులతో, కుట్టు మిషను మీద, సంఘం అప్పు తీర్చి కొనుక్కున్న స్థలం మీ పేరున ఉంటే, మీ తర్వాత అది ఎవరికి పోతుందో చాలామంది ఆలోచించరు. 1956 చట్టం ప్రకారం హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే మొదట పిల్లలకు, భర్తకు. వాళ్లెవరూ లేకపోతే భర్త తరఫు వారసులకు, ఆ తర్వాతే కన్న తల్లిదండ్రులకు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం, పిల్లలూ పిల్లల పిల్లలూ లేకపోతే, అది తండ్రి వారసులకు వెళుతుంది. సొంతంగా సంపాదించిందానికి ఆ మినహాయింపు లేదు. భర్త పోయాక అత్తింటివాళ్లు గెంటేస్తే పుట్టింట్లో తలదాచుకుని, తన కష్టంతో సంపాదించుకున్న ఆమె ఆస్తి కూడా ఆ అత్తింటివాళ్లకే పోతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ వరుస మార్చమని వేసిన కేసులో 2025 నవంబరులో కోర్టు చట్టాన్ని కొట్టేయలేదు. ఆడవాళ్లు వీలునామాలు రాసుకోవాలని మాత్రం సలహా ఇచ్చింది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకమో వేలిముద్రో వేస్తే చాలు, వాళ్లూ మీ ముందు సంతకం చేయాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తర్వాత తగువు తగ్గుతుంది. మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.