చెట్టు లేకుండా ఉయ్యాల కట్టినవాళ్లు

ఆన్‌లైన్‌లో అమ్మే ఇనప పైపుల హ్యామక్ స్టాండు మీలో చాలామంది చూసే ఉంటారు. చెట్లు అక్కర్లేదు, విప్పి సంచిలో పెట్టుకుని పోవచ్చు అంటారు. ఏదో ఫారిన్ వాళ్ల కొత్త ఐడియాలాగా ఉంటుంది గానీ, అసలు ఆ పేరే ఆదివాసీలది. కరీబియన్ దీవుల్లోని టైనో జనం మాట 'హమాకా'. దాన్ని స్పెయిన్ వాళ్లు తీసుకున్నారు, తర్వాత ఇంగ్లీషులోకి వచ్చింది.

1492 అక్టోబరులో బహామా దీవుల ఇళ్లలో నూలు వలల్లాంటి పడకలు ఉన్నాయని కొలంబస్ తన డైరీలో రాసుకున్నాడు. 1500లో బ్రెజిల్ చేరిన పోర్చుగీసు ఓడల మీద ఉన్న పెరో వాజ్ ది కమీన్యా తమ రాజుకి రాసిన ఉత్తరంలో ఇంకా వివరం ఉంది. పొడవాటి ఇల్లు, లోపల చాలా గుంజలు, గుంజకీ గుంజకీ మధ్య ఎత్తుగా కట్టిన వల, కింద చలి కాచుకోడానికి నిప్పు. అంటే అప్పటికే చెట్టుతో పని లేదు. 1597లో ఇంగ్లండు నౌకాదళం కూడా వేలాడే పడకల్ని ఒప్పుకుంది. ఓడ దూలాలే వాళ్లకి గుంజలు. ఆ పడక కనిపెట్టిన టైనోలు మాత్రం అప్పటికే బంగారు గనుల వెట్టికీ మశూచికీ చాలావరకు నాశనమైపోయారు. మా సంతతి ఉంది, మేమున్నాం అని చెప్పేవాళ్లు ఈరోజుకీ ఉన్నారు, అది వేరే పోస్టు రాయాలి.

స్టాండు చెయ్యడంలో కష్టం బరువు మొయ్యడం కాదు, లోపలికి లాగే లాగుడుని ఆపడం. 60 కిలోల మనిషి పడుకున్నప్పుడు తాడు 30 డిగ్రీలు వాలి ఉంటే ఒక్కో వైపు లాగుడు 60 కిలోలే. బాగా బిగించి 10 డిగ్రీలకి తెస్తే దాదాపు 170 కిలోలు! అందుకే రెండు వైపులా మూడేసి కర్రల కాళ్లు పెట్టినా, వాటి మధ్య పైన ఒక పొడవాటి వాసం ఉండాలి. లేకపోతే రెండూ ఎదురెదురుగా వచ్చి మీద పడతాయి. పొలం గట్టున మూడు కర్రలు కలిపి కట్టి, చీరతో పసిపిల్లకి ఉయ్యాల వేసే మన ఆడవాళ్లకి ఈ బాధ లేదు, ఎందుకంటే అది ఒకే చోట నుంచి వేలాడుతుంది.

ఇప్పుడు ఆ వాసాన్ని ఇద్దరు మనుషుల భుజాల మీద పెట్టండి. అదే డోలీ. లాగుడంతా వెదురు బొంగు తీసుకుంటుంది, బరువు భుజాలు తీసుకుంటాయి. వలస బ్రెజిల్‌లో ఇదే పద్ధతిలో దొరలు హ్యామక్‌లో పడుకుంటే బానిసలు మోసేవాళ్లు. మన దగ్గర మోసేది మనమే, లోపల ఉండేదీ మనమే. నొప్పులొచ్చిన ఆడమనిషో, జ్వరంతో ఉన్న ముసలాయనో. రోడ్డు లేక.

ఇక్కడ ఇంకో సంగతి. 1922లో గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు లేవడానికి ఒక కారణం రోడ్డు పనే. సరైన కూలి ఇవ్వకుండా డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ చేయించిన పని. రోడ్డు వెయ్యడానికి మన తాతల చేతులు కావాల్సొచ్చాయి. వందేళ్లు దాటాక కూడా అదే కొండల మీద చాలా గూడేల నుంచి డోలీలే దిగుతున్నాయి.

మీ భాషలో, కువి అయినా కోయ అయినా సవర అయినా, ఆ బొంగుని ఏమంటారు? ఏ వెదురు ఎంచుతారు, ముడి ఎలా వేస్తారు? ఇంట్లో మోసినవాళ్లు ఎవరైనా ఉంటే అడిగి రాయండి.